ఆవేశానికి ముందరి ఘడియ

ఏనుగు మావటి చేయి దాటినా, గుంపు దుకాణాల మీద పడినా ఇంగ్లీషు పత్రికలు ‘రన్నింగ్ అమోక్’ అని రాస్తాయి. మలయ్ భాషలోంచి వెళ్లిన మాట అది. అక్కడ ‘అముక్’ అంటే ప్రాణానికి తెగించి ఎదుటివాళ్ల మీద విరుచుకుపడటం. 1516 ప్రాంతంలో పోర్చుగీసువాడు దువార్తె బార్బోజా జావా మనుషుల గురించి రాసింది ఈ మాటకు దొరికే తొలి సాక్ష్యాల్లో ఒకటి. పెద్ద జబ్బు చేసినప్పుడు కొందరు, బతికి బట్టకడితే దేవుడి సేవలో ఇంతకన్నా గౌరవమైన చావు వెతుక్కుంటామని మొక్కుకుంటారట. కోలుకోగానే బాకు పట్టుకుని వీధిలోకి వచ్చి ఎదురైనవాళ్లను పొడుస్తారట. పరాయివాడు చెప్పిన సంగతి కనుక కొంత తగ్గించే నమ్మాలి. అయినా అందులోని మొక్కు నన్ను వదలడం లేదు. ఒళ్లు తెలియని ఆవేశం అనుకుంటున్నదానికి ముందు ఒళ్లు తెలిసి తీసుకున్న నిర్ణయం ఒకటి ఉంది. ఆవేశంలో చేసిన పనికి మనిషి బాధ్యుడా అన్న ప్రశ్నకు జవాబు ఆ ముందరి ఘడియలోనే వెతకాలని నా వాదన.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి వెనకా జబ్బుకు భయపడి మొక్కిన మొక్కే ఉంది. దండులో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా సోకింది. గండం గడిస్తే అమ్మవారిని మా ఊళ్లో నిలుపుతానని మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర. ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు అక్కడ రంగం జరుగుతుంది. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చికుండ మీద నిలబడుతుంది. కాల్చని మట్టి అది, అడుగు తూలితే నిలవదు. వానలెలా ఉంటాయి, రోగాలు వస్తాయా, చెప్పు తల్లీ అని పూజారి అడుగుతుంటే ఆమె భవిష్యం చెబుతుంది, పూజల్లో లోటుంటే నిలదీస్తుంది. పూనకానికి ఒక రోజుంది, నిలబడే చోటుంది, ప్రశ్నలు అడిగే మనిషి ఉన్నాడు. బార్బోజా చెప్పిన రోగీ అప్పయ్యా చావుకు ఒకేలా భయపడ్డారు. ఒక మొక్కు బాకు పట్టించింది, మరొకటి ఊరంతటినీ అమ్మవారి ముందు నిలబెట్టింది. మొక్కుకునేటప్పుడు ఇద్దరికీ తెలివి ఉంది.

అమోక్ ఒక జబ్బు, జబ్బుమనిషిని నిలదీయడమేమిటి అంటారు. 1893లో సింగపూర్ మానసిక చికిత్సాలయ అధికారి గిల్మోర్ ఎల్లిస్ దాన్ని వైద్యుడి కంటితో చూసి వ్యాసం రాశాడు. నిజంగా మతి చెడినవాడికి మన చట్టం మినహాయింపు ఇచ్చింది, ఇవ్వాలి కూడా. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 22వది. కానీ కోపం అందులోకి రాదు. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొడితే చేసిన హత్యకు శిక్ష తగ్గవచ్చు. అయితే చంపడానికి సాకు కోసం తానే ఆ రెచ్చగొట్టడాన్ని కోరి తెచ్చుకున్నవాడికి ఆ తగ్గింపు లేదు. ఆవేశం దగ్గరే ఆగిపోకుండా దాని వెనక్కి వెళ్లి చూసే నియమం ఇది. అమోక్ గురించి రాసినవాళ్లూ తరచు ఒకే వరస చెబుతారు: అవమానం, రోజుల తరబడి లోలోపల కుమిలిపోవడం, ఆ తర్వాతే దాడి. ఆ కుమిలే రోజుల్లో మనిషి పూర్తిగా నిస్సహాయుడని నేను ఒప్పుకోలేను.

అమ్మవారి పూనకాన్ని హత్యల పక్కన పెట్టడం అపచారమని భక్తులు నొచ్చుకోవచ్చు. రెండూ ఒకటని నేను అనడం లేదు. ఊగిపోయే ప్రతి మనిషినీ అమ్మవారని భక్తులే ఒప్పుకోరు. ఎవరమ్మా నువ్వు, ఎందుకొచ్చావు అని పల్లెల్లో పెద్దలు అడిగి తేల్చుకుంటారు. దేవతనైనా ప్రశ్నించే ఆ పద్ధతి మీద నాకు గొప్ప గౌరవం. గీత మూడో అధ్యాయంలో అర్జునుడిదీ ఈ సందేహమే: ఇష్టం లేకున్నా ఎవరో తోసినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడు? కృష్ణుడు ఆ నేరాన్ని ఏ భూతం మీదా వేయడు. కామక్రోధాల పేరు చెప్పి, ఇంద్రియాలు, మనసు, బుద్ధి వాటికి నివాసాలని చూపి, మొదట ఇంద్రియాలను పట్టుకోమంటాడు. గుంపు దాడి కేసులో ‘ఆవేశంలో జరిగిపోయింది’ అని ఎవరైనా అంటే, ఆ క్షణం గురించి అడిగి ఊరుకోకూడదు. ముందురోజు రాళ్లు ఎవరు పోగుచేశారో, ఏ కబురు ఎవరు ఎవరికి పంపారో, ఎవరు ఆపగలిగీ ఆపలేదో అడగాలి.