టైల్ ఊడాలి, గోడ నిలవాలి

ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్న ఒక తప్పు అలవాటు తీసెయ్యాలి. కానీ దాన్ని పట్టుకుని ఉన్న మనిషి మనసు విరగకూడదు. రెండూ కుదురుతాయా?

దీనికి నాకు జవాబు దొరికింది బాత్‌రూమ్‌లో. నవ్వకండి! మా ఫ్లాట్‌లో పాత టైల్స్ తీయిస్తున్నప్పుడు మేస్త్రీ పని దగ్గరుండి చూశాను. ఆయన ముందు సుత్తి పట్టుకోలేదు. నీళ్ల వాల్వ్ కట్టేశాడు, కరెంటు ఆపేశాడు. తర్వాత ఒక్కో టైల్‌నీ తట్టి విన్నాడు. వెనక సిమెంట్ పట్టు వదిలేసిన చోట డొల్లగా మోగుతుంది. జాయింట్లలోని వైట్ సిమెంట్ గీకేసి, అక్కడ మొదలుపెట్టాడు. ఉలిని గోడకి ఎదురుగా నిలబెట్టలేదు. ఏటవాలుగా టైల్ వెనక్కి దూర్చి, చిన్న చిన్న దెబ్బలు వేశాడు. నిటారుగా కొడితే ఆ దెబ్బంతా గోడకే తగులుతుంది కదా. అయినా అక్కడక్కడా ప్లాస్టరింగ్ ఊడింది. "సిమెంటుతో అంటించింది కదమ్మా, కొంచెమైనా రాకుండా ఉండదు. మళ్లీ పూసి, కొన్ని రోజులు తడిపితే సరి" అన్నాడు.

ఇప్పుడు మా ఇంటి అలవాటు చెబుతాను. ఇంట్లో పనికి వచ్చే అక్కకి టీ ఇవ్వడానికి వేరే స్టీల్ గ్లాసు ఉండేది, కిటికీలో బోర్లించి. నానమ్మ పెట్టిన నియమం. మీలో కొందరి ఇళ్లలోనూ ఇలాంటి గ్లాసు ఉండే ఉంటుంది.

దీన్ని మనం సాధారణంగా రెండు రకాలుగా ఎదుర్కొంటాం. ఒకటి, "ఇన్ని పూజలు చేసి ఏం లాభం?" అని అరవడం. అది నిటారు దెబ్బ. గ్లాసు సంగతి పక్కకి పోయి, ఆవిడ భక్తికే తగులుతుంది. రెండోది, గొడవెందుకని అందరికీ పేపర్ కప్పులు తెచ్చెయ్యడం. అది పాత టైల్ మీద కొత్త టైల్ అంటించడం. లోపలిది లోపలే ఉంటుంది.

భగవద్గీత 17వ అధ్యాయం 15వ శ్లోకంలో కృష్ణుడు మాటతో చేసే తపస్సు గురించి చెబుతాడు. మాట ఎదుటివారిని కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి. పెద్దవాళ్లు బాధపడతారని నిజాన్ని మింగేస్తే ఈ తపస్సు సగంలో ఆగినట్టే.

అయితే ఒక ఇబ్బంది ఉంది. నానమ్మ మనసు మారేదాకా ఆగుదాం అంటే, ఆ ఆగడం ఖర్చు ఎవరు భరిస్తారు? నేను కాదు, నానమ్మ కాదు. రోజూ ఆ గ్లాసులో తాగే అక్క. అందుకే ముందు వాల్వ్ కట్టెయ్యాలి. వేరే గ్లాసు ఆ రోజే తీసేసి, అందరి గ్లాసుల్లోనే అక్కకి టీ ఇచ్చాను, నానమ్మ ముందే. జరిగే అవమానం వెంటనే ఆగాలి. నెమ్మది నానమ్మతో మాట్లాడే తీరులో చూపిస్తే చాలు.

ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలి? డొల్లగా మోగే చోట. నానమ్మ రోజూ పొద్దున్నే అన్నమయ్య 'బ్రహ్మమొక్కటే' పాడుకుంటుంది. నిద్రలో రాజుకీ బంటుకీ తేడా లేదని చెప్పే పాట అది. "నిద్రకి లేని తేడా గ్లాసుకి ఎందుకు నానమ్మా?" అని మాత్రం అడిగాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను రోజూ పూలు కోసిచ్చాను, పక్కన కూర్చుని ఆ పాటే పాడాను. గ్లాసు విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు.

నాకు అర్థమైంది ఇది: ఆవిడ భక్తి గోడ, ఆ గ్లాసు దాని మీద ఎవరో అంటించిన టైల్. భక్తి నిలబడాలంటేనే అది ఊడాలి. ఊడదీసేటప్పుడు కొంచెం నొప్పి తప్పదు. ఆ నొప్పి తగ్గేదాకా పక్కన ఉండే ఓపిక ఉన్నవాళ్లకే ఉలి పట్టే హక్కు ఉంటుంది.

ఈ వారం మీ ఇంట్లో కూడా ఒకసారి తట్టి వినండి. శుభం.