చివరి బండి వేగం

చైనాలో విదేశీయుడు అనుకున్నదే తడవుగా బైకెక్కి బయలుదేరడానికి లేదు. మన ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లదు, వాళ్ల తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. సొంత బండి సరిహద్దు దాటించి తెచ్చుకున్నవాళ్లకైతే అనుమతి ఉన్న ఏజెన్సీ గైడు దారి పొడుగునా వెంట ఉండాల్సిందే. చాలా నగరాల్లో మోటార్ సైకిళ్ల మీద నిషేధమో, ఆంక్షలో ఉన్నాయి. చాలా ప్రావిన్సుల్లో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కనివ్వరు. పెట్రోలు బంకులో కూడా అనేకచోట్ల బైకును పంపు దగ్గరికి రానివ్వరు. బండి దూరంగా ఆపి, పొడుగు మూతి ఉన్న రేకు క్యానులో పెట్రోలు పట్టించుకుని, మోసుకొచ్చి ట్యాంకులో పోసుకోవాలి. ఒకరు వంచి పోస్తుంటే ఇంకొకరు గుడ్డతో తుడుస్తూ పక్కన నిలబడతారు.

షియాన్‌లో అద్దె బండ్లు తీసుకుంటూ ఈ షరతులన్నీ విన్నప్పుడు మా బృందంలో చాలామందికి ముఖం చిన్నబోయింది. బైకు ఎందుకెక్కుతాం? ఎవరి అనుమతీ అడగకుండా గేరు వేసి వెళ్లిపోవడానికే కదా. రైల్లో వందలమంది, కారులో నలుగురు, బైకు మీద నేనొక్కణ్నే, ముందు రోడ్డు. బండి నడిపేవాళ్లందరి మనసుల్లో ఈ బొమ్మ ఉంటుంది. అందులో నిజమెంత అన్న ప్రశ్న షియాన్‌లో పట్టుకుని డున్‌హువాంగ్ దాకా నన్ను వదల్లేదు.

మేం పట్టుకున్నది ప్రధానంగా 312 నంబరు జాతీయ రహదారి. షియాన్, పింగ్‌లియాంగ్, లాంజౌ, వూవే, జాంగ్‌యే, జియాయుగ్వాన్ మీదుగా పడమటికి పోతుంది. పట్టు వర్తకుల ఒంటెలు నడిచిన దారి దాదాపు ఇదే. పక్కనే ఎక్స్‌ప్రెస్‌వే, కొన్నిచోట్ల దాని పక్కన హైస్పీడ్ రైలు పట్టాలు. వేగంగా పోవాల్సినవాళ్లంతా వాటి మీదికి వెళ్లిపోయారు కాబట్టి పాత రోడ్డు ఊళ్లకూ ట్రాక్టర్లకూ మిగిలింది, దానిమీద మేమూ వెళ్లాం.

బృందంగా నడపడంలో ఒక లెక్క ఉంది. ముందు లీడ్, అందరికంటే చివర స్వీప్. మధ్యలో ఒకరు లేనుకు ఎడమ పక్కగా, తర్వాతివారు కుడి పక్కగా, మధ్య రెండు సెకన్ల దూరం. ఈ వరస రబ్బరు బ్యాండులా సాగుతుంది. లీడ్ అరవైకి తగ్గించి మళ్లీ ఎనభైకి పెంచితే, ఆ తేడా వెనక్కి పాకుతూ, ఒక్కో బండి దగ్గర కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. చివరివాడు నలభై దాకా తగ్గాలి, ఆ తర్వాత తొంభై దాటించి పరిగెడితేగానీ అందుకోలేడు. ముందున్నవాడి చిన్న తొందర చివరివాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మంచి లీడ్ రోడ్డును ఎంత చూస్తాడో అద్దాన్నీ అంత చూస్తాడు. అతని మణికట్టు మీద ఉన్నది తన వేగం కాదు, కనిపించనంత దూరంలో ఉన్న ఇంకొకరి వేగం.

మలుపుల సంగతి ఇంకా ముఖ్యం. దారి మారేచోట లీడ్ వేలు చూపిస్తే, రెండో బండివారు అక్కడే ఆగిపోవాలి. వెనక వచ్చేవాళ్లందరికీ దారి చూపించి, స్వీప్ వచ్చాక దానికి ముందు వరసలో చేరాలి. తర్వాతి మలుపులో, అప్పటికి రెండో స్థానంలోకి వచ్చినవారు ఆగుతారు. ఇలా అందరికీ వంతు వస్తుంది. మొత్తం దారి తెలియాల్సింది ఒక్కరికే. తక్కినవాళ్లకు ఆగాల్సిన చోటు తెలిస్తే చాలు.

నా వంతు జింగ్‌నింగ్ దగ్గర వచ్చింది. పింగ్‌లియాంగ్ దాటాక అంతా పసుప్పచ్చ మట్టి కొండలు. గాలి లక్షల ఏళ్లపాటు మోసుకొచ్చి పోసిన మెత్తటి మట్టి అది. వేలితో గీకితే రాలుతుంది, నిలువునా కోస్తే మాత్రం కూలకుండా నిలబడుతుంది. ఆ నిలువు కోతల్లో గుహలు తొలిచి తరతరాలు కాపురాలు చేశారు. రోడ్డు పక్కన మొక్కజొన్న ఎండబోసి ఉంది, ఆపైన ఆపిల్ తోటలు. హైవే వదిలి ఊళ్లమీదుగా పోయే చిన్న రోడ్డు చీలికలో నేను ఆగాను. వెనక ఎవరిదో బండి చైను తెగింది. ఎంతసేపు నిలబడాలో తెలియదు, కదలడానికి వీల్లేదు.

తోటలో పనిచేస్తున్న ఒక పెద్దావిడ కాసేపు చూసి, ఇంట్లోంచి చిన్న చెక్కపీట తెచ్చి వేసింది. గాజు గ్లాసులో వేడినీళ్లు పోసిచ్చి మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆపిల్ కాయలకు వేసవంతా కాగితం సంచులు తొడిగి ఉంచుతారు. కోతకు ముందు తీస్తారు. ఆవిడ సంచి అడుగు చింపి, లోపలి ఎర్ర కాగితం పొర లాగేసి, పాలిపోయిన కాయను రెండు వేళ్లతో తొడిమ మీదే మెల్లగా తిప్పి, నీడలో ఉన్న పక్కను ఎండకు పెడుతోంది. చెట్ల కింద నేలంతా వెండిరంగు రేకు కాగితం పరిచారు, కాయ అడుగుకు కూడా వెలుగు తగలాలని. ఒక్కో కాయకూ అంతే ఓపిక. మనవడు నా హెల్మెట్ నెత్తిన పెట్టుకుని మొక్కజొన్న చుట్టూ తిరుగుతున్నాడు. తర్వాత వచ్చిన గైడు అడిగి చెప్పాడు: కొడుకూ కోడలూ గ్వాంగ్‌డాంగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్లారట, కొత్త సంవత్సరం పండక్కి వస్తారట. జగిత్యాల, నిర్మల్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు పోయిన కొడుకుల పిల్లల్ని పెంచుతున్న నానమ్మల్ని చూసినవాళ్లకు ఆ ఇంటి గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఆ పీట మీద కూర్చున్నంతసేపూ నాగార్జునాచార్యుడు మనసులో మెదిలాడు. ఆయన మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణం మొత్తం ప్రయాణం గురించే. దాటేసిన దారిలో ఇప్పుడు నడక జరగడం లేదు. ముందున్న దారిలో ఇంకా మొదలవలేదు. మరి నడక ఎక్కడుంది? పోయేవాడిని పక్కన పెడితే పోవడం అనేది దొరకదు, పోవడాన్ని తీసేస్తే పోయేవాడు మిగలడు. దేనికీ తనంతట తాను నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ ఇంకోదాన్ని ఆనుకునే ఉంది. చదివినప్పుడు తర్కంలా అనిపించే ఈ మాట ఆ చీలికలో నాకు ఒంటికి పట్టింది. ఇంజను ఆగిపోయి ఉంది, అయినా ఆ గంట మొత్తంలో బృందం ప్రయాణం నా ఆగడం మీదే నడిచింది. నేను కదిలి ఉంటే ప్రయాణం ఆగిపోయేది.

నాగార్జునుణ్ని మన కృష్ణాతీరానికీ, శ్రీపర్వతానికీ ముడిపెడుతుంది సంప్రదాయం. ఆయన మాట చైనాకు చేరిన దారి మేం వెళ్తున్న దారే. చేర్చినవాడు కూచా రాజ్యానికి చెందిన కుమారజీవుడు, భారతీయ తండ్రికీ కూచా రాజకుమారికీ పుట్టినవాడు. లూ గ్వాంగ్ అనే సేనాని కూచాను గెలిచి ఆయన్ని వెంట తెచ్చాడు. ఇంతలో తనను పంపిన చక్రవర్తి హతుడవడంతో లియాంగ్‌జౌలోనే సొంత రాజ్యం పెట్టుకున్నాడు. ఆ లియాంగ్‌జౌయే నేటి వూవే. 385 నుంచి 401 దాకా కుమారజీవుడు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

మేం వూషావోలింగ్ కనుమ దాటి వూవేలో దిగాం. దాదాపు 3,000 మీటర్ల ఎత్తు, అక్టోబరులోనే వేళ్లు కొంకర్లు పోయే చలి. ఊళ్లో ఆయన పేరిట ఉన్న ఆలయంలో ఇటుక గోపురం ఉంది. ఆయన దేహాన్ని దహనం చేసినప్పుడు నాలుక కాలలేదనీ, దాన్ని ఆ గోపురంలోనే ఉంచారనీ నమ్మకం. నేను ఎక్కువసేపు తలచుకున్నది మాత్రం ఆ పదహారేళ్లను. చరిత్ర పుస్తకాలు వాటిని వృథాగా పోయిన ఏళ్లలాగా దాటేస్తాయి. నేను ఒప్పుకోను. ఆయన చైనా భాషను ఆకళింపు చేసుకున్నది ఆ ఏళ్లలోనే. చాంగాన్ (నేటి షియాన్) చేరాక పన్నెండేళ్లలో అన్ని గ్రంథాలు అనువదించగలిగాడంటే, 409లో నాగార్జునుడి మాధ్యమక శాస్త్రం చైనాకు దక్కిందంటే, లియాంగ్‌జౌలో ఆగడం అందులో భాగమే. ఒక ఆలోచన మలుపు దగ్గర పదహారేళ్లు నిలబడింది. సెంగ్‌జావో అనే యువకుడు చాంగాన్ ప్రాంతం నుంచి వెతుక్కుంటూ వచ్చి ఆయన్ని అక్కడే కలిశాడు, తర్వాత చైనా మాధ్యమకులలో మొదటి పెద్ద ఆలోచనాపరుడయ్యాడు.

ఇంకో మాట ఇక్కడే చెప్పుకోవాలి. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి వేయించిన శాసనం ఉంది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది. అందులో సింహళ థేరులు ధర్మంలోకి తెచ్చిన దేశాల వరసలో కాశ్మీరం, గాంధారం తర్వాత చీనా పేరు ఉంది. ఆ చైత్యగృహం నిలిచిన లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉంది. లాంజౌకు ఎగువన, పసుప్పచ్చ నది మీద లియుజియాషియా ఆనకట్ట కట్టినప్పుడు బింగ్‌లింగ్ బౌద్ధ గుహల్లో కింది వరసవి కొన్ని అలాగే మునిగాయి. రెండు నదులు, రెండు జలాశయాలు. నాగార్జునుడి మాటను ఆ రెంటికీ మధ్య ఒక్క మనిషే మొదటినుంచి చివరిదాకా నడిచి మోసుకెళ్లలేదు. ఎవరి దూరం వాళ్లు మోసి పక్కవారికి అందించారు.

జియాయుగ్వాన్ కోట దాటాక మా బృందంలోని వరంగల్ కుర్రాడు గొంతు విప్పాడు. రాత్రి నూడుల్స్ దగ్గర, "అన్నా, సగం దినం నిలబడుడే అయితున్నది. నేను ముందుగాల పోయి గ్వాజౌల కలుస్త" అన్నాడు. మా లీడ్ గుడివాడవైపు పెద్దమనిషి. "నువ్వు ముందుకెళ్లిపోతే మలుపు దగ్గర ఎవరుంటారు తమ్ముడూ?" అన్నాడు. కుర్రాడి మాటలో న్యాయం లేదనను. బృందంలో పోయేది పోతుంది. హాన్ కాలపు మట్టి కావలి బురుజు ఒకటి సాయంత్రపు ఎండలో కనిపించింది, ఆగాలని ప్రాణం కొట్టుకుంది, ఆగలేదు. ఒంటరిగా అయితే అక్కడ చీకటి పడేదాకా కూర్చునేవాణ్ని. ఆ వెలితి ఇప్పటికీ ఉంది, దాన్ని ఏ తత్వమూ పూడ్చలేదు.

కానీ ఒంటరి బాటసారికి పెద్ద ఉదాహరణగా అందరూ చూపించే చైనా భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ భారతదేశానికి వెళ్లింది కూడా ఈ దారినే. ఏడో శతాబ్దంలో, రాజాజ్ఞ లేకుండా, దొంగచాటుగా. శిష్యుడు హుయిలి రాసిన జీవిత చరిత్ర చదివితే ఆ ఒంటరితనం ఎంతమంది చేతుల మీద నిలిచిందో తెలుస్తుంది. లియాంగ్‌జౌ అధికారి వెనక్కి పొమ్మంటే, అక్కడి భిక్షువు ఒకరు ఇద్దరు శిష్యులను తోడిచ్చి రాత్రిపూట దాటించాడు. గ్వాజౌలో ఒక ముసలాయన, ఎడారి అవతలి హామీ ఊరి దారిలో పదిహేనుసార్లు వెళ్లొచ్చిన తన బక్క ఎర్రగుర్రాన్ని ఇచ్చి ఆయన మంచి గుర్రాన్ని తీసుకున్నాడు. ఎడారిలో నీళ్లతిత్తి చేజారి ఒలికిపోయి, రోజుల తరబడి దాహంతో పడిపోయినప్పుడు నీటిచెలమ వైపు తిరిగింది ఆ ముసలి గుర్రమే. మాకు అన్నిటికంటే దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. ఆంధ్రదేశంలో ధాన్యకటకం చేరినప్పుడు ఆయన సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఆగి మహాసాంఘిక అభిధర్మం చదువుకున్నాడు. వాళ్లు ఆయన దగ్గర మహాయానం చదువుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్రాల యాత్రకు బయలుదేరారు. గురువెవరు, శిష్యులెవరు, ఎవరి వెంట ఎవరు వెళ్లారు అన్నది అక్కడ విడదీయలేం.

గ్వాజౌకు దక్షిణాన యూలిన్ గుహల్లో పశ్చిమ షియా రాజ్యకాలపు చిత్రం ఒకటుంది. గైడు టార్చిలైటు సమంతభద్ర బోధిసత్వుడి పెద్ద బొమ్మ మీద తిరిగి ఒక అంచున ఆగింది. ఏటి ఒడ్డున చేతులు జోడించి నిలబడ్డ హ్యుయాన్‌త్సాంగ్, వెనక కోతిముఖం సహచరుడు, గ్రంథాల మూట మోస్తున్న తెల్లగుర్రం. ఆయన యాత్ర చుట్టూ అల్లిన కోతిరాజు కథ నవలగా రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే చిత్రకారుడికి ఆయన్ని ఒంటరిగా గీయడానికి మనసొప్పలేదు.

గ్వాజౌ గాలికి పేరు పడ్డ ఊరు. కనుచూపు మేరంతా గాలిమరలే. ఎదురుగాలి అయితే ఫరవాలేదు, అడ్డగాలి వీస్తే బండిని గాలివైపు వాల్చి నడపాలి. ఎదురుగా లారీ వచ్చి పక్కనుంచి పోయే క్షణం గాలి తెగుతుంది, వాల్చిన బండి అటే లాక్కుపోతుంది, సర్దుకునేలోపు మళ్లీ కొడుతుంది. మా అందరిలో నెమ్మదిగా నడిపే ఒకావిడ గ్వాజౌ చేరిన రోజు వరస మధ్యలో ఉండి బాగా అలిసిపోయింది. కుర్రాడు తన వేగం వదులుకుని గ్వాజౌ దాకా ఆమె వెనకే నడిపాడు, లారీ కనిపించినప్పుడల్లా హెడ్‌లైటు కొడుతూ.

డున్‌హువాంగ్ వెళ్లే రోజు పొద్దున వరస మార్చాం. ఆ దారిలో మలుపులు తక్కువ, ఆగి చూపించే పని లేదు, గాలి మాత్రం అంతే ఉంది. ఆమెను లీడ్ వెనకే రెండో బండిగా పెట్టాం. "స్వీప్ నేను పడ్త" అన్నాడు కుర్రాడు. ఊరు దాటేదాకా లీడ్ అద్దంలో ఆమె బండినే చూస్తూ వేగం పెంచుతూ తగ్గిస్తూ వచ్చి, చివరికి డెబ్భై దగ్గర నిలిపాడు. మేమందరం ఆ డెబ్భైలోనే డున్‌హువాంగ్ చేరాం.