దాసోహ మార్గమున సైకిలు యాత్ర

శ్రీ గురు బసవలింగాయ నమః

తన దేహశ్రమచే నార్జించినదానిని తానొక్కడే యనుభవింపక, వినయముతో సంఘమునకు సమర్పించుట దాసోహము. ఆ ఆర్జనకు మూలమైన శ్రమ నిర్మలమై యుండవలయు ననునది కాయక ధర్మము. గోదావరిలో నడచు నావకు తెరచాపయు, చుక్కానియు నెట్టివో శరణ జీవనమునకు కాయక దాసోహములు నట్టివి. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో చేసిన ఆర్భాటమగును. దాసోహము లేని కాయకము కేవలము కడుపుకూటి పాటుగా మిగులును. 12వ శతాబ్దియందు కల్యాణ పట్టణమున బిజ్జలుని మంత్రియై యుండియు, బసవేశ్వరుడు రాజోద్యోగిని, చాకలిని, చర్మకారుని ఒకే పంక్తియందు కూర్చుండబెట్టిన మర్మ మిదియే.

ఈ కాలమున మిత్రులు కొందరు గుంపుగా చేరి, సైకిళ్లపై దూరప్రయాణము చేయుచు, రోగులకో విద్యార్థులకో ధనము కూర్చుట లోకమంతట వ్యాపించుచున్నది. గోదావరీ మండలములోని మన కుటుంబముల యువకులకును ఇట్టి సంకల్పము కలుగుట సహజము. రాజమహేంద్రవరమున బయలుదేరి, ధవళేశ్వరము మీదుగా ద్రాక్షారామము చేరి, కోటిపల్లి రేవున గౌతమిని దాటి, కోనసీమ గుండా పాలకొల్లు, భీమవరముల వరకు సాగుటకు దృఢకాయులగు యువకులకు శక్తి చాలును. అయినను ఆ శ్రమ కాయకమా, వినోదమా? కూర్చిన ధనము దాసోహమా, లేక కీర్తికి చెల్లించిన మూల్యమా? బయలుదేరక పూర్వమే ఈ ప్రశ్న వేసికొనుట శ్రేయస్కరము.

యాత్రకు ఫలమేది?

మహాత్ముల యాత్రలు ఈ సీమకు క్రొత్తవి కావు. పండితత్రయములో నొకడగు మల్లికార్జున పండితారాధ్యుడు ద్రాక్షారామ ప్రాంతమువాడని ప్రసిద్ధి. ఆయన బసవేశ్వరుని దర్శింపగోరి శిష్యసమేతుడై కల్యాణమునకు పయనమయ్యెను. త్రోవయందే బసవేశ్వరుడు లింగైక్యమందెనను వార్త ఆయన చెవినిబడెను. తీరని దుఃఖమునకు లోనయ్యెను. పిదప శ్రీశైలమునకు మరలెను. ఈ చరితమును పాల్కురికి సోమనాథుడు ద్విపద కావ్యముగా రచించి తెలుగువారి కందించెను. చూడబోయిన మహాపురుషుడు కనబడలేదు, చేరదలచిన గమ్యము చేజారెను. అయినను ఆ యాత్ర వ్యర్థమయ్యెనని శరణులెవ్వరును తలంపలేదు. భక్తితో వేసిన ప్రతి అడుగును అర్చనయే గావున, అడుగుతోనే ఫలమును సిద్ధించుచుండును.

ఉడుతడి నుండి కల్యాణమునకు, అచ్చటినుండి శ్రీశైలమునకు సాగిన అక్కమహాదేవి ప్రయాణమును ఇట్టిదే. ఆ తల్లి త్రోవను తలచినచో, మన బాలికలు సైకిలు యాత్రకు పోవచ్చునా యను శంకకు తావుండదు.

బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకు ప్రాధాన్య మిచ్చెను. అయితే కదలుట మాత్రమే జంగమత్వము కాదు. గాలికి తిరుగు ఎండుటాకును జంగమమందుమా? తనదనునది లేక, పరార్థమై సంచరించునది జంగమము. చక్రములు ఎన్ని మైళ్లు తిరిగినను, 'నేను' అను ఇరుసు లోపల బిగిసియే యున్నచో ఆ మనుజుడు బయలుదేరిన చోటనే యున్నట్లు లెక్క.

అమెరికా దేశపు నిదర్శనము

1980లో అమెరికా దేశమునందలి మసాచుసెట్స్ రాష్ట్రమున బిల్లీ స్టార్ అను యువకుడు 36 మందితో కలసి స్ప్రింగ్‌ఫీల్డ్ నుండి సముద్రతీరపు ప్రావిన్స్‌టౌన్ వరకు సైకిళ్లపై పయనించెను. అంతకు ఆరేండ్లకు పూర్వము ఆతని తల్లి క్యాన్సరు వ్యాధిచే మరణించియుండెను. ఆ శోకమును ఆతడు నిట్టూర్పులతో వెళ్లబుచ్చక సేవగా మార్చుకొనెను. ఆ మొదటి యేట వారు కూర్చినది 10,200 డాలర్లు మాత్రమే. దానిని క్యాన్సరు చికిత్సకును పరిశోధనకును సమర్పించిరి. నేడు ఆ యాత్రయందు ఏటేట వేలమంది పాల్గొనుచున్నారు.

సంఖ్యలకంటె అందు గ్రహింపదగినవి రెండు నియమములు కలవు. యాత్రికుడు తాను కూర్చెదనని మాటయిచ్చిన కనీస మొత్తము సమకూరనిచో, కొరవను తన సొమ్ముతో పూరింపవలయును. యాత్రికులు కూర్చిన ధనము మొత్తముగా చికిత్సాలయమునకే చేరును. నిర్వహణ వ్యయమును వేరు మార్గములనుండి భరింతురు. కాయక దాసోహముల పేరైన వినని దేశమున ఈ రెండు ధర్మములును ఇట్లు ఆచరణయందుండుట మనకు హెచ్చరిక వంటిది. పేరు తెలిసియు ఆచరింపనివానికంటె, పేరు తెలియకయే ఆచరించువాడు బసవేశ్వరునకు దగ్గరివాడు గదా.

లక్కమ్మ చూపిన తూకము

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతుల కథ ఇచ్చట స్మరణీయము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే లక్కమ్మ జంగములకు దాసోహము సలుపుచుండెను. ఒకనాడు మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి కాయకమునే మరచెను. లక్కమ్మ ఆ సంగతి గుర్తుచేసి ఆతనిని పంపెను. మారయ్య ఆనాడు నిత్యముకంటె మిక్కుటముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ హెచ్చు ఎవరి మనసున పుట్టినదని నిలదీసెను. అవసరమునకు మించినది శివునకు ప్రీతికరము కాదని పలికి, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని మగని మరల పంపెను.

ఆ ఇల్లాలి చేతి తూకము ఈ కాలపు యాత్రికులకు మిక్కిలి అవసరము. రోగుల కొరకని సేకరించిన ధనముతో కొత్త దుస్తులు, ఫ్లెక్సీలు, విందులు, వీడియోలు సమకూర్చుకొని, మిగిలినదానిని రోగులకు పంపినచో లక్కమ్మ ఏమనును? 1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట నుండి కాలువలు పారుట డెల్టావాసులు నిత్యము చూచునదే. తలవాకిట నిండుగా ప్రవహించిన కాలువయైనను నడుమ గండి పడినచో శివారు భూమికి నీరందదు. శివారు రైతు కష్టము ఎరిగినవారికి దాసోహ ధనమును గూర్చి వేరుగా చెప్పనక్కర లేదు. దాత చేయి తలవాకిలి, రోగి మంచము శివారు పొలము. నడుమనున్న గట్టును కాచుటయే యాత్రికుని కాయకము.

అదే త్రోవ, వేరు సైకిలు

గోదావరి జిల్లాలలో సైకిలు వినోద సాధనముగా పుట్టినది కాదు. పాల క్యానులు తగిలించుకొని వేకువనే బయలుదేరువాడు, చేపల బుట్ట వెనుక కట్టుకొని ఊరూరు తిరుగువాడు, కొబ్బరిగెలలు మోయువాడు, రేవు దాటి కూలికి పోవువాడు, వీరందరును ఏండ్ల తరబడి ఈ కాలువగట్ల మీదనే సైకిలు త్రొక్కినవారు. వారికి ఎవ్వరును పూలదండ వేయలేదు, పత్రికలలో చిత్రము ప్రకటింపలేదు. పిల్లల కడుపు నింపుటకు త్రొక్కిన ఆ సైకిలు అచ్చమైన కాయకమునకు గుర్తు.

సేవార్థము బయలుదేరిన మిత్రులు త్రోవలో ఇట్టివానిని చూచినప్పుడు గంట మ్రోగించి ప్రక్కకు తొలగుమనుట తగదు. దిగి నమస్కరించుట తగును. వారము దినములు శ్రమించువాడు, జన్మమంతయు శ్రమించువానిని గురువుగా భావింపవలయును. ఈ భావము కలిగిననాడు యాత్రికుని అహంకారము తనంతట తానే తొలగును. ఆత్మస్తుతిని, పరనిందను బసవేశ్వరుడు నిషేధించుటకు కారణమును అప్పుడు బోధపడును.

దానమునకును దాసోహమునకును భేదము

దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. లంకల గన్నవరమున వెలసిన అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు (1841–1909) ఇతర సంప్రదాయమునకు చెందినవారైనను, ఈ భేదమును జీవితమున నిరూపించిరి. వేళ కాని వేళయందు వచ్చినవారికిని, ఏ కులమువారికైనను, విసుగు లేక అన్నము పెట్టిరి. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకు ఆహ్వానము వచ్చినను, ఆకలిగొన్న అతిథిని విడిచి పోజాలక ఇంటనే యుండిరని చెప్పుకొందురు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆ తల్లి ఎచ్చటికిని యాత్ర చేయలేదు. ఆకలియే ఆమె గుమ్మమునకు యాత్ర చేసెను. కావున త్రొక్కుటకు శక్తి లేనివారు చింతింపనక్కర లేదు. యాత్రికులకు మజ్జిగ ఇచ్చిన గృహిణియు, చాప పరచిన మఠమును ఆ దాసోహమున సమభాగులే.

ఒక ఆక్షేపణము

ధనమే కావలసినచో ఎవరింట వారుండి పంపవచ్చును గదా, ఇంత ప్రయాస ఏల యని కొందరందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. యాత్రకగు ఖర్చు కూర్చిన ధనముకంటె హెచ్చగునెడల ఇంట నుండి పంపుటయే ధర్మము. కాని శ్రమకు ఒక శక్తి కలదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి కాలినడకన చేరిన వినోబా భావేను హరిజనులు 80 ఎకరముల భూమి అడిగిరి. ఆ సభయందే వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమమున కది నాంది. వినోబా ఉత్తరము వ్రాసియున్నచో ఆ భూమి లభించెడిదా? చెమటోడ్చి గుమ్మము ముందు నిలిచినవాని మాట, కూర్చున్నచోటనుండి పలికినవాని మాటకంటె లోతుగా నాటును. ఆ పలుకుబడి యాత్రికునకు శ్రమవలన లభించిన అప్పు. దానిని పైసతో సహా తీర్చవలయును.

శ్రమ యనగా దేహమును హింసించుట కాదు. దేహమే దేవాలయమని బోధించిన మతమున పందెము కొరకు ఆ దేవాలయమును కూల్చుకొనుట అపచారము. జ్వరము తగిలినవాడు సిగ్గుపడక మరలవలయును. మిత్రులును వానిని పరిహసింపరాదు.

ఆచరణ నియమములు

యాత్ర తలపెట్టు శరణ యువకులు ఈ కొద్ది నియమములు పాటించుట మేలు. ఉదయమున ఇష్టలింగ పూజ ముగింపక సైకిలు నెక్కరాదు. తిండి, బస, మరమ్మతులు ఎవరి ఖర్చున వారు భరింపవలయును. అందరికంటె మెల్లగా సాగువాడు ముందు నడువవలయును; బలవంతుడు వెనుక నుండి వానిని కాచుకొనవలయును. చీకటి పడిన పిమ్మట గట్ల మీద ప్రయాణింపరాదు. బస చేసిన మఠమున ఊడ్చి, నీళ్లు పోసి, పంక్తియందు వడ్డించి, కడపట తాము భుజింపవలయును. వసూలైన ప్రతి రూపాయికి రసీదు ఇచ్చి, యాత్రాంతమున సంఘపు పెద్దల యెదుట జమాఖర్చులు చదివి వినిపింపవలయును. సాయము పొందినవారి ముఖమును చిత్రముతీసి చాటరాదు. పేదరికము ప్రదర్శనకు పెట్టదగిన వస్తువు కాదు.

ఇట్లు సాగిన యాత్ర పది మైళ్లదైనను దాసోహమే. ఈ నియమములు తప్పినది వేయి మైళ్లదైనను విహారమే. లోకము మైళ్లను లెక్కించును, లింగదేవుడు మనసును లెక్కించును. గోదావరీ తీరపు శరణ కుటుంబములందు కాయకమున నిర్మలత్వమును, దాసోహమున వినయమును నానాటికి వర్ధిల్లునట్లు బసవేశ్వరుడు అనుగ్రహించుగాక.

శరణు శరణార్థి