నైట్ డ్యూటీ తరువాత ట్రైనింగు

పోయిన నెలలో ఒక ఆదివారం. రెండవ పూజ ముగించుకొని నేను బయటకు వచ్చేసరికి మన విచారణకు చెందిన ఒక నర్సమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కి, ఉదయం 8 గంటలకు దిగి, తిన్నగా పూజకు వచ్చిన మనిషి. "ఫాదర్ గారూ, ఈ రాత్రి కూడా డ్యూటీయే. రేపు దిగాక మళ్లీ 11 గంటలకు ట్రైనింగుకు రావాలట. రాకపోతే జీతం కోస్తామన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టి వెనక బెంచీలో నిద్రపోతే పాపమా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అబద్ధపు సంతకం పెట్టకూడదమ్మా" అని చెప్పి పంపించివేశాను. తరువాత సిగ్గుపడ్డాను. చిన్న ప్రశ్నకు జవాబు చెప్పి పెద్ద ప్రశ్నను వదిలేశాను.

ట్రైనింగు అనవసరమని ఎవరూ అనలేరు. రక్తం ఎక్కించేటప్పుడు రోగికి చలిజ్వరం వస్తే ఏమి చేయాలి, వాడిన సూదులు ఎక్కడ వేయాలి, వార్డులో మంటలు లేస్తే రోగులను ఎటు తరలించాలి - ఇవి తెలియని నర్సు చేతిలో మన తల్లిని పెడతామా? రిజిస్ట్రేషను కొనసాగాలంటే ఐదేండ్లలో 150 గంటల శిక్షణ పొందాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం పెట్టింది. అంటే ఏడాదికి 30 గంటలు. ఆరు గంటల పగటి షిఫ్టు లెక్కన ఐదు షిఫ్టులు. ఇది మోయలేని బరువు కాదు. కాని ఆ గంటలు ఎవరివి?

ఎవరికి చెందినది వారికి స్థిరమైన మనసుతో ఇవ్వడమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. రాత్రంతా మేలుకొన్న మనిషికి పగటి నిద్ర అలా చెందినదే. మీటింగు వేళ నిర్ణయించేవారు పగటిపూట కుర్చీలో కూర్చునేవారు. వారికి 11 గంటలంటే కాఫీ తాగి పని అందుకునే వేళ. ఆమెకు అది అర్ధరాత్రి. మనలో ఎవరినైనా అర్ధరాత్రి లేపి పాఠం వినమంటే వింటామా?

"నర్సింగు ఉద్యోగం కాదు, సేవ" అంటారు. మంచి మాటే. కాని సేవ ఇచ్చేవాని చేతిలోనుండి రావాలి. జీతం కోస్తామని బెదిరించి తీసుకున్నది కానుక ఎలా అవుతుంది? కూలివానికి రావలసినది బిగబట్టితే ఆ కూలి మొరపెడుతుందని యాకోబు గారు తన లేఖలో (5:4) గట్టిగానే వ్రాశారు. పని చేసినవాని బలం ఎంత ఖర్చయిందో దానికి తగిన విశ్రాంతి ఇవ్వాలని 13వ లియో పోపు గారు 1891లోనే లోకానికి చెప్పారు. మన మఠకన్యలు నడిపే ఆసుపత్రులకు ఇందులో మినహాయింపు లేదు. న్యాయం గురించి ఇతరులకు చెప్పే శ్రీసభ ముందు తానే న్యాయంగా కనబడాలని 1971లో రోములో జరిగిన మేత్రాణుల సినడు ఒప్పుకున్నది. ఉపదేశుల మీటింగును నాకు వీలైన వేళకు పెట్టి, పొలం పనులు మానుకొని రమ్మన్న విచారణ గురువును నేనే. కాబట్టి ఈ వేలు నావైపు కూడా చూపుతున్నది.

ఇరవై పడకల ఆసుపత్రి నడిపేవారి కష్టమూ ఉన్నది. ఉన్న నలుగురు నర్సుల కోసం ఒకే పాఠం మూడుసార్లు చెప్పించాలంటే ఖర్చే. అయితే ఒక్కసారే పెట్టినంత మాత్రాన ఆ ఖర్చు మాయం కాదు. నర్సు వీపుమీదికి మారుతుంది, అక్కడినుండి ఆ రాత్రి రోగి మీదికి. ముందురోజు నిద్రలేని చేయి మందు కొలిస్తే, జాగ్రత్తలు నేర్పిన ట్రైనింగు ఎవరికి మేలు చేసినట్టు? ఆ గంటలను డ్యూటీగా లెక్కకట్టి, నైట్ వారం గడిచాక పిలిస్తే సగం చిక్కు తీరుతుంది.

ఇక ఆ సంతకం. "నేను విన్నాను" అని దాని అర్థం. వినకుండా పెడితే అబద్ధమే, ఆ మాట నేను వెనక్కు తీసుకోను. కాని బలవంతం పెరిగినకొద్దీ తప్పు బరువు తగ్గుతుందని, ఆ బరువులో భాగం బలవంతపెట్టిన వారిమీద పడుతుందని నీతిశాస్త్రం కూడా చెబుతుంది. ఆరోజు ఆమెకు ఈ రెండవ సగం చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి నర్సింగ్ సూపరింటెండెంటు గారికి కాగితం వ్రాసి ఇవ్వండి, వ్రాయడానికి నేను సాయం చేస్తాను అనీ చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆమె పూజకు రాలేదు. ఉదయం డ్యూటీ అని కొడుకు చెప్పాడు. ఈ పత్రిక వాడి చేతికే ఇచ్చి పంపుతాను.