తొవ్వ మా వాడ కాడ ఎందుకు వంగింది?

మా తాత ఎన్నడూ యాత్రకు పోలేదు. కాని ఈ చుట్టుపట్ల ఆయన కాళ్లు తొక్కని తొవ్వ లేదు. నైజాం కాలంలో మాది వెట్టి ఇల్లు. గిర్దావరు వస్తే ఆయన పరుపుచుట్ట మా తాత నెత్తి మీద ఉండేది. పొలిమేర దాకా మోసుకపోయి దించితే అవతలి ఊరి వెట్టాయన ఎత్తుకునేటోడు. కచేరీకి పోయే కాగితం కూడా అట్లనే చేతులు మారేది. దొర బండి ముందర ఉరికింది కూడా మావోళ్లే. ఊరికి ఊరును కలిపిన తొవ్వ అదే. దానికి కూలి లేదు, పేరు లేదు.

మాది రఘునాథపల్లి మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ. సర్వాయి పాపన్న ఖిలాషాపూర్ కోట మా మండలంలోనే ఉన్నది. గీత కులంలో పుట్టి, 1708లో ఓరుగల్లు మీద పడి, 1710లో మొగలుల చేతిలో చచ్చిన పాపన్న. ఆ కోట కాడినుంచి పోతన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి దాకా ఒక నడక తొవ్వ వెయ్యాలని మా దోస్తులు కొందరు అనుకున్నరు. పాలకుర్తి చాకలి ఐలమ్మది కూడా. చెరువు కట్టలు, తాటివనాలు, గుట్టలు కాపాడుకోవాలె, ఊరూరి మనుషులను కలపాలె అన్నది వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే.

నక్ష పరిచిండ్రు. ఊరు ఎరిగినోన్ని కాబట్టి మా దిక్కు గీత నన్నే గియ్యమన్నరు. చెరువు, గుడి, గడి, బొడ్రాయి అన్నీ కలుపుకుంట గీసిన. మా వాడ కాడికి వచ్చేసరికి పెన్సిలు పక్కకు తిరిగింది. నక్షబాట సీదా వాడ నడుమనుంచే ఉన్నది. అయినా తిప్పిన. మురికి కాలువ, కూలిన గోడలు పట్నపోళ్లు చూస్తరని సిగ్గు.

ఆ రాత్రి మా అవ్వ కాగితం చూసింది. ఆమెకు సదువు రాదు గాని చెరువును, గుట్టను గుర్తుపట్టింది.

"మనిల్లు గీడ గాదా బిడ్డా?"

"అవునే అవ్వా."

"మరి తొవ్వ వంకర పోయిందేందిరా? ఊరోళ్లు తిప్పిన్రా, నువ్వే తిప్పినవా?"

జవాబు రాలేదు. మమ్మల్ని వెలిపెట్టే పని ఈసారి ఇంకెవరో చెయ్యలేదు. సదువుకున్న నా చెయ్యే చేసింది.

తొవ్వ మనుషులను దానంతట అదే కలుపుతదా? మహద్‌లో చౌదార్ చెరువు అందరిదని అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరిచే ఉన్నది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడిచిపోయి నీళ్లు తాగితేనే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. తాగినందుకు దెబ్బలు కూడా తిన్నరు. వాడుకలో ఉన్న దారి హక్కును దళితులకు కాదంటే నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో రాయవలసి వచ్చింది. తొవ్వ అంటే ఒట్టి నేల కాదు, నడిచే హక్కు.

"మీ పేదరికాన్ని చూపించుడు మంచిగుంటదా?" అని ఒక దోస్తు అడిగిండు. నిజమే, మేము బొమ్మలం కాదు. కాని చూసిపోవుడు వేరు, పలకరించుడు వేరు. ఎవరు రావాలె, ఎట్ల రావాలె అన్నది వాడోళ్లు తేల్చాలె. మా మర్యాద కాపాడుతున్నమని మమ్మల్నే దాచిపెట్టుడు ఏం మర్యాద?

ఇంకో మాట వచ్చింది. తొవ్వ సాపు చేసుడు, మట్టి పోసుడు శ్రమదానంతో చేద్దామన్నరు. నా గుండె గుబేలుమన్నది. దానం చెయ్యాలంటే ముందు శ్రమ నాది కావాలె. మా తాత శ్రమ ఆయనది కాలేదు. రేపు గంప ఎత్తేది ఎవరు? దొర మనుమడు ఎత్తుతడా? పరిరక్షణ అనే మాట మా ఊరికి రాకముందే రాత్రీపగలూ కట్ట కాసింది, తూము లేపి దించింది మా నీరటోళ్లే. ఆ పనికి ఇప్పుడు పెద్ద పేరు పెట్టి, పేరు మీకు, గంప మాకు అంటే అది వెట్టే.

మళ్లా కూసున్నప్పుడు మూడు మాటలు చెప్పిన. తొవ్వ వాడ నడుమనుంచే పోవాలె. వెట్టోళ్లు బరువు మార్చుకున్న పొలిమేరల కాడ ఆ సంగతి రాసిన రాయి నాటాలె. పనికి కూలి ఇయ్యాలె, కమిటీలో వాడ ఆడోళ్లు ఉండాలె. ఒకాయన లేచిపోయిండు. మిగిలినోళ్లు ఉన్నరు. తొవ్వ ఇంకా పడలేదు.

పాత గీత చెరిపి కొత్త గీత అవ్వకు చూపించిన. ఆమె నవ్వలేదు.

"తొవ్వ సరే బిడ్డా. వచ్చేటోళ్లు మనింట్ల నీళ్లు తాగుతరా?"

దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు, నడిచేటోళ్లు.