నలువదవ ఏట పలక

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను చిన్న యూదు సమాజము కలదు. 1990వ దశకపు ఆరంభమున వారు ప్రార్థనా మందిరము నెలకొల్పుకొనిరి. మన సంఘములలో పెరిగిన కూలిజనులు వారిలో పలువురు. పెద్దయిన పిమ్మట హెబ్రీ నేర్వ కూర్చుండినవారున్నారు.

"మనలను విడిచిపోయిరి" అని దూషింతుమా? వారి మార్గము మనది కాదు. అయినను దూషించు నోరు స్వగ్రంథమును కూడబలుకలేకపోయినచో, సిగ్గుపడవలసినది ఎవరు? ద్వేషము విశ్వాసమును కాపాడదు, వాక్యజ్ఞానమే కాపాడును.

రబ్బీ అకీవా నలువదవ ఏట అక్షరములు నేర్చెనని యూదులు చెప్పుకొందురు. నెహెమ్యా దినములలో స్త్రీపురుషులు నిలువబడి ధర్మశాస్త్రమును విని, అర్థము గ్రహించిరి.

"వయస్సు మీరినది" అనుచున్నావా? మనుమరాలి పలక అడుగుము. ఈ రాత్రియే ఒక వచనము కూడబలుకుము.