ఇక చేయవలసినదేమియు లేదా?

ధ్యానభాగములు: మార్కు 15:23, లూకా 10:30–35, ఫిలిప్పీయులకు 1:9

పట్టణములోని పెద్దాసుపత్రినుండి ముసలితల్లిని ఇంటికి తీసికొని వచ్చిన కుమారులు ఊరివారితో తరచుగా చెప్పు మాట యొకటి గలదు. "ఇక చేయవలసినదేమియు లేదని డాక్టరుగారు చెప్పినారు" అందురు. ఆ మాట వినగానే బంధువులు నిట్టూర్చెదరు. మంచము వసారాలోనికి చేరును. కాపరి వచ్చి ప్రార్థనచేసి వెళ్లును. రాత్రివేళ ఆమె మూలుగు ప్రక్క యింటివారికి సహితము వినబడుచుండును. అయినను ఎవరును ఏమియు చేయరు. చేయవలసినది లేదని అందరును నమ్మియున్నారు.

ప్రియులారా, ఆ మాట నిజమా? రోగము కుదరదని తేలినంతనే రోగియెడల మన బాధ్యత తీరిపోవునా? ఆ తల్లి నొప్పిని తగ్గించుటకు మందు వెదకుట విశ్వాసలోపమగునా? ఈ ప్రశ్నలు మన సంఘములలో ఎన్నో కుటుంబములను కలవరపెట్టుచున్నవి గనుక వాటిని దేవుని సన్నిధిని నిదానముగా ఆలోచింతము.

కొందరు భక్తిగల విశ్వాసులు ఇట్లు చెప్పుదురు: "బాధ దేవుని సెలవులేక రాదు. సిలువయొద్ద బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యబోగా మన ప్రభువు దానిని పుచ్చుకొనలేదు. నొప్పి తెలియకుండ చేయు పానమును ఆయనే నిరాకరింపగా మనము మందు కోరవచ్చునా?" ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. కాని లేఖనమును పూర్తిగా చూడవలెను. ఆ పాత్ర ప్రభువు లోకముకొరకు తానే ఎన్నుకొని త్రాగిన పాత్ర. తనయొద్దకు తేబడిన రోగులలో ఎవనితోనైనను "నీ నొప్పిని ఓర్చుకొనుము, ఇది నీకు మేలు" అని ఆయన చెప్పినట్లు సువార్తలలో ఎక్కడను లేదు. కుష్ఠరోగిని ముట్టెను, జ్వరముతో పడియున్న పేతురు అత్తను చెయ్యిపట్టి లేవనెత్తెను. అంతియుగాక ఆయనే సిలువమీద తన దాహమును తెలిపి, అందింపబడిన చిరకను పుచ్చుకొనెనని యోహాను 19వ అధ్యాయములో చదువుచున్నాము.

కావున ఇక్కడ ఒక భేదము గుర్తింపవలెను. తన బాధను తాను సహించుట ఒకని భక్తి కావచ్చును. ఎదుటివాని బాధను మనము సహించుకొనుట భక్తి కానేరదు. కోడలి మంచముమీద లేని నొప్పిని అత్త మంచముమీద చూచి "దేవుని చిత్తము" అనుట మిక్కిలి సులువు. యెషయా ప్రవక్త హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించెను. పౌలు తిమోతి కడుపుజబ్బునకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. ప్రార్థించినవారే మందును కూడ ఉపయోగించిరి. ఒకటి మరియొకదానికి శత్రువని వారు తలంచలేదు.

ఇక రెండవ సంగతి. ఫిలిప్పీ సంఘముకొరకు పౌలు చేసిన ప్రార్థనను జాగ్రత్తగా గమనించుడి. వారి ప్రేమ హెచ్చవలెనని మాత్రమే ఆయన కోరలేదు. అది తెలివితోను వివేచనతోను కూడి హెచ్చవలెనని కోరెను. ప్రేమకు తెలివి కావలెను. మంచి సమరయుడు కనికరపడి కన్నీరు మాత్రము కార్చియుండినయెడల ఆ మనుష్యుని గాయములు చీము పట్టియుండును. గాయమునకు నూనె ఎందుకో, ద్రాక్షారసము ఎందుకో, కట్టు ఎట్లు కట్టవలెనో అతడు ఎరిగియుండెను. మరునాటి ఖర్చును కూడ ముందుగా లెక్కించి పూటకూళ్లవానికి ఇచ్చెను.

ఇట్టి తెలివిగల ప్రేమకు మన కాలములో ఒక సాక్ష్యము గలదు. ఇంగ్లండు దేశములో 1918లో పుట్టిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ స్త్రీ మొదట నర్సు పని నేర్చెను. నడుమునొప్పిచేత ఆ పని విడువవలసి వచ్చెను. తరువాత ఆసుపత్రిలో రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగము చేసెను. 1948 మొదలు సాయంకాలములయందు లండనులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రికి పోయి, మరణమునకు సిద్ధముగానున్న రోగులకు ఉచితముగా సేవచేసెను. అక్కడ ఆమె ఒక సంగతి గమనించెను. ఇతర ఆసుపత్రులలో రోగి నొప్పికి తాళలేక కేకలు వేసినప్పుడే మందు ఇచ్చుచుండిరి. ఇక్కడనైతే గడియారము చూచి, నొప్పి తిరిగి రాకముందే ఇచ్చుచుండిరి.

ఈ చిన్న భేదమును వైద్యలోకము నమ్మవలెనన్న ఋజువు కావలెను. అందుచేత ఆమె వైద్యవిద్య చదివి 1957లో, తన ముప్పదితొమ్మిదవ యేట, డాక్టరయ్యెను. 1958 మొదలు ఏడు సంవత్సరములు సెయింట్ జోసెఫ్స్ అను ఆశ్రయములో వెయ్యిమందికి పైగా రోగుల మంచములప్రక్కన కూర్చుండి, నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఏ మందుకు ఎంత తగ్గినది అని అడిగి వ్రాసికొనెను. నోటిద్వారా, తగిన మోతాదులో, వేళతప్పక మార్ఫిన్ ఇచ్చినచో రోగి మత్తుకు బానిస కాడనియు, నొప్పి అణగి తెలివితో మాటలాడుననియు ఆమె కనుగొనెను. శరీరపు నొప్పియే గాక, ఇంటిచింత, ఒంటరితనము, దేవునిగూర్చిన ప్రశ్నలు అన్నియు కలిసి ఒక్క బాధయగుననియు బోధించెను. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయమును స్థాపించి, అక్కడ సేవయు, బోధయు, పరిశోధనయు ఒకే కప్పు క్రింద నడిపెను. 2005లో అక్కడనే కన్నుమూసెను.

పరిశోధనయనగా గాజుబుడ్లు, యంత్రములు మాత్రమే యని తలంపవద్దు. ఓర్పుతో అడుగుట, శ్రద్ధగా వినుట, విన్నదానిని వ్రాయుట, తప్పైనదానిని దిద్దుకొనుట, ఇదియే దాని సారము. అది పొరుగువానిని ప్రేమించుటలో ఒక భాగమే.

అట్టి పరిశోధన మన భయములను కూడ దిద్దుచున్నది. బాధానివారణ చికిత్సకు ఒప్పుకొనినయెడల ఆయుస్సు తగ్గునని అనేకులు జంకుదురు. అమెరికాలోని బోస్టను నగరములో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు గల 151 మంది రోగులను పరిశీలించి, 2010లో ఫలితములు ప్రకటించిరి. సాధారణ చికిత్సతోపాటు మొదటినుండియు బాధానివారణ సేవ పొందినవారు మరింత నెమ్మదిగా జీవించిరి. దిగులు వారిలో తక్కువగానుండెను. మధ్యరకపు ఆయుష్కాలము వారికి 11.6 నెలలు, ఆ సేవ మొదటినుండి పొందనివారికి 8.9 నెలలు.

మన దేశమునకు వత్తము. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు ప్రభుత్వ అనుమతితో మన దేశములోనే పండుచున్నది. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినమైనందున ఆసుపత్రులు ఆ మందు ఉంచుటకే భయపడెను. 2014లో ఆ చట్టమును సవరించిరి. కేరళలోని కోళికోడులో 1993లో కొందరు వైద్యులు బాధానివారణ సంఘమొకటి స్థాపించిరి. అక్కడి గ్రామములలో ఉపాధ్యాయులు, రైతులు, గృహిణులు శిక్షణ పొంది, నర్సులతో కలిసి మంచము పట్టినవారి యిండ్లకు వెళ్లసాగిరి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దీనికొక విధానమును ప్రకటించెను. పంచాయతీలు ఈ సేవలో పాలుపొందుచున్నవి. తెలంగాణలో అనేక జిల్లాలలో ఇట్టి కేంద్రములు ఏర్పడినవి. 2018లో ఆరంభమైన ఆరోగ్య కేంద్రముల పథకములో వృద్ధుల సేవయు, బాధానివారణ సేవయు గ్రామస్థాయిలో ఇయ్యవలసిన సేవలుగా చేర్చబడినవి. కాగితముమీద చేరినది మన ఊరికి చేరవలెనన్న, అడుగువారు ఉండవలెను.

అయితే సంఘముగా మనమేమి చేయగలము?

మొదటిది, అడుగుడి. "ఎట్లున్నావమ్మా?" అని వాకిట నిలువబడి కాదు, ప్రక్కన కూర్చుండి, నొప్పి ఎక్కడ, నిద్ర పట్టుచున్నదా, దేనికి భయపడుచున్నావు అని అడుగుడి. విన్నదానిని ఒక కాగితముమీద వ్రాసి డాక్టరుకు చూపుడి. నొప్పి తగ్గించు మార్గమేదని తప్పక అడుగుడి. ఇచ్చిన మందు ఆయన చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇయ్యుడి; ఒకరి మాత్రలు మరియొకరికి ఇయ్యవద్దు.

రెండవది, చేతులతో సేవచేయుడి. కదలలేనివారిని రెండేసి గంటలకు ప్రక్కకు త్రిప్పినచో ఒత్తిడి పుండ్లు చాలవరకు రావు. ఎండిన పెదవులను తడిబట్టతో తడుపుట, పక్కబట్టలు మార్చుట ప్రార్థనకంటె తక్కువ పనులు కావు. రాత్రింబగళ్లు మేల్కొనియున్న కోడలికో కూతురికో వారమునకొక పూట విశ్రాంతి దొరకునట్లు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొనవచ్చును.

మూడవది, ఊరకుండుట నేర్చుకొనుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో నేలమీద కూర్చుండిరి; అది మంచి సేవ. నోరు తెరచి అతని బాధకు కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారు అతనిని గాయపరచిరి. గెత్సేమనేలో మన ప్రభువు శిష్యులను ఉపదేశము అడుగలేదు. తనతోకూడ మెలకువగా నుండుమని మాత్రమే కోరెను. 1965లో సిసిలీ సాండర్స్ వ్రాసిన ఒక వ్యాసమునకు ప్రభువుయొక్క ఆ కోరికనే పేరుగా పెట్టెను.

స్వస్థతకొరకు ప్రార్థింపవద్దని ఎవరును చెప్పుటలేదు. తుదివరకు ప్రార్థింతము. కాని మందు మానినయెడలనే దేవుడు వినునని రోగికి బోధించువారు, తాము మోయని బరువును అతనిమీద పెట్టుచున్నారు. అట్లే దేవునికి కానుక యిచ్చితిమని చెప్పి తలిదండ్రులను విడిచిపెట్టిన కొర్బాను భక్తిని ప్రభువు గద్దించెను. క్రిస్మసు పందిరికి చందా యిచ్చి, అమ్మ మందుకు డబ్బు లేదనువారు మార్కు 7వ అధ్యాయమును మరల చదువవలెను.

కుదుర్చుట కొన్నిసార్లు మన చేతిలో లేదు. ఉపశమనము కలిగించుట తరచుగా మన చేతిలోనున్నది. విడువకుండుట ఎల్లప్పుడును మన చేతిలోనున్నది. కావున "ఇక చేయవలసినదేమియు లేదు" అను మాట క్రీస్తు సంఘములో పలుకదగినది కాదు. ఈ వారము ఆరాధన ముగిసిన వెంటనే, గుడికి రాలేకపోయిన వృద్ధుల పేర్లు పెద్దలు వ్రాసికొందురు గాక. ఆ పేరులలో ఒక్కటైనను ప్రతి కుటుంబము తీసికొనును గాక.

ప్రభువా, వృద్ధాప్యమందు మమ్మును విడువవద్దని కీర్తనకారునితో మేమును వేడుకొనుచున్నాము. మా మధ్యనున్న వృద్ధులను మేమును విడువకుండునట్లు మాకు ప్రేమను, ఆ ప్రేమకు తెలివిని దయచేయుము. ఆమేన్.